మొగలిపేట పేరు విన్న రిక్షా

నేను ఒక మూడు చక్రాల రిక్షాని. రిక్షా అనగానే మీ ఊరి బస్టాండు ముందు కనిపించేదాన్ని ఊహించుకోకండి. మాది పినాంగ్, మలేషియాలో ఒక దీవి. మా దగ్గర కూర్చునేవాళ్లు ముందుంటారు, తొక్కేవాడు వెనకుంటాడు. గుంతొచ్చినా గోడొచ్చినా ముందు పలకరించేది సవారీలనే. తొక్కేవాడికి సవారీల నడినెత్తులు తప్ప మరేమీ కనిపించవు. సవారీలకైతే తొక్కేవాడు అసలే కనిపించడు. మధ్యలో ఉన్న నాకు ఇద్దరి మొహాలూ కనిపిస్తాయి. కనిపించి ఏం లాభం లెండి, నోరులేనిదాన్ని.

నన్ను చేసినవాడు టాన్ అనే చైనా మేస్త్రీ. చులియా వీధి వెనక సందులో అతని కొట్టు ఉండేది. ఇనప గొట్టాలు వంచి, చెక్క సీటు బిగించి, వానకీ ఎండకీ గుడ్డ టాపు కట్టి నన్ను లిమ్ అనే మనిషికి అప్పజెప్పాడు. లిమ్ దగ్గర ఇరవై ఏళ్లు చాకిరీ చేశాను. తెల్లారితే చేపలబుట్టలు, బడిపిల్లలు, మధ్యాహ్నం పురిటి నొప్పుల ఆడవాళ్లు. ఒకసారి ఒక పెళ్లికూతుర్నీ ఆమె కుట్టుమిషన్నీ కలిపి మోశాను. నెమ్మదిగా పోతానని ఎక్కినవాళ్లంతా తిట్టేవారు. ఆ తర్వాత ఊళ్లో మోటారు బళ్లు పెరిగాయి, లిమ్ మోకాళ్లు అరిగాయి, నన్ను మలయ్ మనిషి పక్ మాన్ కొనుక్కున్నాడు. అప్పటికి టూరిస్టులు రావడం మొదలైంది. పక్ మాన్ నాకు ప్లాస్టిక్ పూలు చుట్టి, రంగుల గొడుగు పెట్టి పెళ్లికొడుకును చేశాడు. మనుషులు భలేవాళ్లు. పనికొచ్చినన్నాళ్లూ నన్ను తిట్టారు, పనికిరాకుండా పోయాక పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నెమ్మదిగా పోతానని ఇప్పుడు మెచ్చుకోవడం కూడానూ!

మా ఊళ్లో ఒకే వీధిలో చర్చి, చైనావాళ్ల గుడి, మారియమ్మ గుడి, మసీదు వరసగా ఉంటాయి. ఎన్ని వందల ఏళ్లుగానో పక్కపక్కన బతుకుతున్న నాలుగు మతాలని టూరిస్టులు ఇరవై నిమిషాల్లో చూసేసి, "ఎంత సామరస్యమో!" అని ముచ్చటపడి నూడిల్స్ తినడానికి పోతారు. నాకేం అభ్యంతరం లేదు. ఆ ఇరవై నిమిషాలే నాకు తిండి పెట్టాయి.

పక్ మాన్ ముసలివాడై కూతురింటికి పోతూ నన్ను సింహాద్రికి అప్పగించాడు. నా కథంతా ఇతనిదే. ఇంతదాకా చెప్పింది ఊరికే వాకిలి ఊడవడం.

సింహాద్రి తెలుగువాడు. ఆ దేశంలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, కానీ నల్లగా కనిపించిన ప్రతివాణ్ణీ అక్కడ తమిళుడనే అనుకుంటారు, అతనూ కాదనడం మానేశాడు. పుట్టింది మలేషియాలోనే, పేరా అనే రాష్ట్రంలో ఒక కొబ్బరి ఎస్టేటులో. పెంచింది నాయనమ్మ ఎర్నమ్మ. ఆమెది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున మొగలిపేట. ఎస్టేటుకి కూలీలను పోగుచేసే కంగాణి మాట నమ్మి, మొగుడితో ఓడెక్కింది. ఎక్కేరోజున ఐదేళ్ల కూతురు పైడమ్మకి ఒళ్లు కాలిపోతోంది. జ్వరం పిల్లని ఓడ ఎక్కనివ్వరని కంగాణి చెబితే తన తల్లి దగ్గర వదిలేసింది. మూడేళ్లలో వచ్చేస్తామనుకుంది. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాయి, ఎస్టేటులో పుట్టిన కొడుకుని ఆమె చేతిలో పెట్టి మొగుడు పోయాడు, ఆమె మళ్లీ ఊరికి వెళ్లనేలేదు.

చనిపోయేముందు మనవడి చెయ్యి పట్టుకుని రెండే అడిగింది. "నా పైడి బతికిందేటో కనుక్కోరా. బతికుంటే నన్ను తిట్టుకుంటందేమో కనుక్కో." సింహాద్రి మాటిచ్చాడు. తాలూకా పేరైనా తెలియక ఊరి పేరుతోనే రెండు ఉత్తరాలు రాయించాడు. రెండూ తిరిగొచ్చాయి. అప్పట్లో మీ వైపు నుంచి టూరిస్టులు వచ్చేవారు కాదు, అడుగుదామంటే మనిషి లేడు. నా చక్రాలకి నూనె రాస్తూ ఆ మాట నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! వేరే ఎవరితో చెప్పుకుంటాడు? మా స్టాండులో అతని తెలుగు అర్థమయ్యేది నాకొక్కదానికే.

ఒకరోజు పొద్దున్నే స్టాండుకి ముగ్గురు వచ్చారు. ముందు మెడలో వీడియో కెమెరాతో నలభై ఏళ్ల మనిషి శేషగిరి, అతని పెళ్లాం హైమ, వెనక హైమ తల్లి సన్యాసమ్మ. అరవై దాటిన మనిషి, జరీ అంచు చీర మీద స్వెట్టర్ వేసుకుంది. మా దేశంలో స్వెట్టర్! విమానం చల్లగా ఉందని వేసుకుని, విప్పడం మొహమాటమై ఉంచేసుకుందట.

"హైమా, ఇటు రా" అన్న రెండు ముక్కలు చెవిన పడగానే సింహాద్రి కుదుపు తిన్నట్టు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. పలకరించేవాడే. అంతలో శేషగిరి అతన్ని ఎగాదిగా చూసి, మాట తెలియదన్న ధీమాతో గట్టిగానే అన్నాడు.

"ఈ ముసలాడా తొక్కేది? కళ్లు చూడు, పొద్దున్నే ఎక్కించినట్టున్నాడు. దొంగ మొహం. అత్తయ్యగారిని బ్యాగు ఒళ్లోనే పెట్టుకోమను."

సింహాద్రి జన్మలో కల్లు రుచి చూడలేదు. ఆ కళ్లు ఎండకి ఎర్రబడ్డవి. కానీ తెరిచిన నోరు మూసుకున్నాడు. కోపం వచ్చి కాదు. "అత్త ముందు అల్లుణ్ణి సిన్నబుచ్చితే ఆ ఇంటి ఉసురు తగుల్తాది" అని ఎర్నమ్మ చెప్పి పెంచింది. తను ఇప్పుడు తెలుగులో ఒక్క ముక్క మాట్లాడాడంటే ఆ అల్లుడి మొహం ఏమవుతుంది? అత్తగారు చూస్తుండగా! అందుకని రెండు వేళ్లతో నా సీటు చూపించి, మలయ్‌లో "ఎక్కండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అల్లుళ్లకి మీ జాతి పట్టే హారతి ఈ సముద్రం దాటినా ఆరలేదన్నమాట.

తల్లీకూతుళ్లు నా మీద ఎక్కారు. శేషగిరి పక్క రిక్షాలో కెమెరాతో ఎక్కి, మా వెంటే వస్తూ అన్నీ వీడియో తీస్తున్నాడు. చర్చి అయింది, గుడి అయింది. సముద్రం వైపు మలుపు తిరగగానే ఉప్పుగాలి కొట్టింది. సన్యాసమ్మ కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

"అచ్చం మన మొగలిపేట గాలేనే హైమా" అంది.

నా పెడళ్లు ఆగిపోయాయి. సింహాద్రి కాళ్లు పన్నెండేళ్లుగా నాకు తెలుసు, ఏ కొండ ఎక్కినా అలా ఆగలేదు. అడుగు, అడగరా నాయనా, అని నేను కిర్రుమన్నాను. శేషగిరి రిక్షా జానెడు దూరంలో వస్తోంది. సింహాద్రి అటు ఒకసారి చూసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

గోడ మీద బొమ్మలేసిన చోట ఆగాం. అక్కడ ఫోటో దిగడానికి జనం వరసలో నిలబడతారు, శేషగిరి వెళ్లి వరసలో నిలబడ్డాడు. "గొంతుక ఎండిపోనాదే" అంది సన్యాసమ్మ కూతురితో. వెనక సింహాద్రి ఒక్క క్షణం ఆగి, చటుక్కున దిగి, వీధి చివర కొబ్బరిబోండాల బండి వైపు నడిచాడు. వద్దురా, ఇప్పుడు కదలొద్దురా! నా గంటని ఎవరైనా మోగిస్తే బాగుండునని అంతగా ఎన్నడూ అనుకోలేదు.

ఎందుకంటే అతను పది అడుగులు వేశాడో లేదో, సన్యాసమ్మ మొదలుపెట్టింది.

"ఓడ పైడమ్మ అనీవోరు మా ఊర్లో, నీకు గేపకం నేదు. ఆయమ్మ సిన్నప్పుడు అమ్మా నాయినా మలయా ఎళిపోనారు. జొరంలో ఒగ్గేసి. ఎవులైనా ఓడ దిగొచ్చినారంటే సాలు, పరుగున ఎళ్లి మా అమ్మని సూసినారా అని అడిగీది. పెళ్లయ్యి బిడ్డలు పుట్టినాక కూడా మాన్నేదు."

"తిట్టుకునేదా అమ్మని?" అంది హైమ.

"తిట్టుకోడమా? పెద్దకూతురికి అమ్మ పేరే ఎట్టుకున్నాది, ఎర్నమ్మని. నా ఈడుదే. ఇద్దరం కలిసే ఆడుకున్నాం. పైడమ్మ పోయిన్రోజున కూడా గుమ్మం దిక్కే సూసినాదంట."

అంతే. అడగాల్సిన రెండు ప్రశ్నలకీ రెండు జవాబులూ నా సీటు మీద కూర్చుని పలికాయి. వినాల్సినవాడు వీధి చివర మంచి నీళ్లున్న బోండాం కోసం ఒక్కోదాన్నీ ఊపి చూస్తున్నాడు.

తిరిగొచ్చి బోండాం రెండు చేతులతో సన్యాసమ్మకి అందించాడు. ఆమె అందుకోబోయి ఆగింది. గొంతు ఎండిందని తను అన్నది తెలుగులో కదా. ఇతనికెవరు చెప్పారు? తలెత్తి అతని మొహంలోకి చూసింది. అంతసేపట్లో ఆ ఇద్దరూ ఎదురెదురుగా చూసుకోవడం అదే మొదలు. స్టాండులో అల్లుడన్న మాటలు ఆమెకి గుర్తొచ్చాయి. ఇతను అవీ విన్నాడన్నమాట. ఆమె మొహం మాడిపోయింది. క్షమించు బాబూ అందామని నోటిదాకా వచ్చింది, నేను చూశాను. అంటే హైమకి తెలుస్తుంది, హైమ నుంచి అల్లుడికి తెలుస్తుంది, అల్లుడు చిన్నబోతాడు. సన్యాసమ్మ తలొంచుకుని నీళ్లు తాగింది. సింహాద్రి తలొంచుకుని వెనక్కెళ్లి పెడలు మీద కాలుపెట్టాడు. ఆ అల్లుడు మహారాజేమో గోడ మీది బొమ్మ సైకిలు ఎక్కినట్టు ఫోటో దిగుతున్నాడు.

హోటలు ముందు దిగేటప్పుడు సన్యాసమ్మ అతనికి దణ్ణం పెట్టింది. అతనూ పెట్టాడు. "రిక్షావాడికి దణ్ణమేంటి అత్తయ్యగారూ!" అని శేషగిరి నవ్వాడు. వాళ్ల బస్సు సాయంత్రానికే వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి సింహాద్రి సిగ్గు వదిలేశాడు. మీ దేశం మొహం ఏది కనిపించినా వాళ్లు నోరు విప్పేలోగా "తెలుగోలేనా?" అని కేకేసేవాడు. గుజరాతీవాళ్లు బెదిరిపోయేవారు, స్టాండువాళ్లు నవ్వేవారు. అసలు తెలుగువాళ్లు దొరికినప్పుడు వాళ్లు మురిసిపోయి, అతన్ని మధ్యలో నిలబెట్టి ఫోటోలు తీసుకుని, మొగలిపేట గురించి తప్పకుండా కనుక్కుంటామని మాటిచ్చేవారు. విమానం ఎక్కాక ఎవరికి గుర్తుంటుంది? ఐదేళ్లు అడిగాడు. ఆ తర్వాత అతని మోకాళ్లూ పోయాయి.

ఇప్పుడు నేను ఒక పెద్ద హోటలు లాబీలో ఉన్నాను. చక్రాలు కదలకుండా బిగించారు, పక్కన నా గురించి నాలుగు భాషల్లో బోర్డు పెట్టారు. తెలుగు ఆ నాలుగింట్లో లేదు. పిల్లలెక్కి గంట కొడుతుంటారు.

పోయిన నెల సింహాద్రి కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. నన్ను ఇన్నేళ్లు తొక్కాడే గానీ ముందు సీట్లో ఎన్నడూ కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడు, సన్యాసమ్మ కూర్చున్న వైపే. చాలాసేపు చేత్తో చెక్కని తడిమాడు.

"ఆయమ్మకి తెలిసుంటాదే" అన్నాడు నాతో. "అడిగుంటే సెప్పీసీది. అడగనేకపోనాను." మళ్లీ తనే, "మరి అడిగితే ఆ అల్లుడి మొగం ఏటైపోను?" అన్నాడు.

నిజంగానే అడుగుతున్నాడు. ఇన్నేళ్లయినా తను చేసింది తప్పో ఒప్పో తేల్చుకోలేకపోయాడు. నేనైతే ఆ రోజే తేల్చేసుకున్నాను. ఆ అల్లుడి మొహం మాడితే సాయంత్రానికి మళ్లీ తేటపడేది.

అతను లేచి వెళ్లిపోయాడు. పైడమ్మ బతికింది, తల్లిని తిట్టుకోలేదు, బిడ్డకి ఎర్నమ్మ అని పేరు పెట్టుకుంది. ఆ సంగతి మొగలిపేటంతటికీ తెలుసు. నాకూ తెలుసు. సింహాద్రికి తెలియదు.