రంధ్రాన్వేషి

నేను ఒక అద్దాన్ని. ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే సగం దాచినట్టే, ఎందుకంటే నాకు రెండు ముఖాలు. ఒకవైపు మామూలు అద్దం, మనిషి ఎంత ఉంటే అంతే చూపిస్తుంది. రెండోవైపు పదింతలు పెద్దది చేసి చూపిస్తుంది. ఆ రెండోవైపు చూసుకుని నవ్వుతూ లేచిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఉత్తరాదిలో ఏదో పట్నం శివారున, రేకుల షెడ్డులో పుట్టాను. గాజును పళ్లెంలా వంచింది ఒకరు, వెనక పూత పూసింది ఇంకొకరు. చివర్లో నన్ను స్టాండుకు బిగించిన మనిషికి ఆ రోజు అన్నం గంట కొట్టేశారు. కుడివైపు మరను పూర్తిగా తిప్పాడు. ఎడమవైపు మర ఇంకో అరచుట్టు ఉందనగా లేచి వెళ్లిపోయాడు. తిరిగొచ్చాక నా పక్కదాన్ని అందుకున్నాడు. ఆ అరచుట్టే నా జాతకం. నన్ను మామూలు వైపు తిప్పి పెడితే కాసేపు బుద్ధిగా ఉంటాను. తర్వాత పదింతల వైపు బరువుకు, నా ప్రమేయం లేకుండా, మెల్లగా తిరిగిపోతాను.

ఏలూరులో నన్ను మొదట కొనుక్కున్నది మంగతాయారు. మార్కెట్ వీధిలో మేడమీద బ్యూటీ పార్లర్ నడిపేది. మనిషి మంచిదే గాని, నన్ను వాడే పద్ధతి మాత్రం పోలీసు స్టేషన్ పద్ధతి. వచ్చినావిడకు ముందు మామూలు వైపు చూపించేది. ఆవిడ జుట్టు సర్దుకుని కుదుటపడ్డాక నన్ను చటుక్కున తిప్పి, "ఇప్పుడు చూసుకోండి" అనేది. ముక్కుమీదా బుగ్గలమీదా ఉన్న సన్నటి రంధ్రాలన్నీ చిల్లుల గరిటెలా కనపడేసరికి ఎంత ధైర్యవంతురాలైనా బిక్కచచ్చిపోయేది.

"ఇయ్యన్నీ ఓపెన్ పోర్సండి. తెరుచుకుపోయాయి. ఆవిరి పట్టి, లోపలి మురికి తీసి, ఐసు పెట్టి మూసేద్దాం" అనేది మంగతాయారు. మోసం చేస్తున్నానని ఆమె అనుకోలేదు. ఇంగ్లీషులో ఓపెన్ అన్నారు కాబట్టి తెరుచుకున్నాయి, తెరుచుకున్నవి కాబట్టి మూయాలి, అంతే ఆమె లెక్క. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ ఊళ్లో సగంమంది ఆడవాళ్లు మొహాలకు గొళ్లేలు వెతుక్కున్నారు. ఇంతకీ ఐసు పెట్టినప్పుడు చర్మం కాసేపు బిగిసేది, వాళ్లు సంతోషంగా మెట్లు దిగేవాళ్లు. సాయంత్రానికి రంధ్రాలు ఎప్పటిలాగే ఉండేవి. ఆ సంగతి వాళ్ల ఇళ్లలో అద్దాలు చెప్పేవి కావు, అవి మర్యాదస్తుల అద్దాలు.

మంగతాయారు పార్లర్ ఎత్తేసి తమ్ముడి ఊరు వెళ్లిపోతూ నన్ను పార్లర్‌కు తరచూ వచ్చే ఇందుమతి చేతిలో పెట్టింది. "మీరు టీవీలో కనపడే మనిషి, మీకు పనికొస్తాదండి" అంది. అలా నేను వార్తల ఇందుమతి ఇంటికి చేరాను.

ఇందుమతి స్థానిక కేబుల్ ఛానల్లో పదహారేళ్లుగా సాయంత్రం ఏడు గంటల వార్తలు చదువుతోంది. చుట్టుపక్కల చేపల చెరువుల ధరలు, కరెంటు కోతలు, తప్పిపోయిన పిల్లలు, అన్నీ ఆమె నోటి మీదుగానే జనానికి చేరేవి. ఒత్తులు పలకడంలో ఆమెను మించినవాళ్లు ఆ ఛానల్లో లేరు. నలభై రెండేళ్ల వయసు, కోల మొహం, ముక్కుకు ఎర్రరాయి పుడక. భర్త వల్లభరావు రైల్వే స్టేషన్లో టిక్కెట్లిస్తాడు. "నిన్ను ఊరంతా చూస్తుంది. నన్ను మాత్రం కిటికీ కంతలోంచి చేతివరకే చూస్తారు" అని ఆయన వేళాకోళమాడేవాడు.

మొదటి వారంలోనే నా మర సంగతి ఆయన కనిపెట్టాడు. పెట్టెలో దాచుకున్న పాతకాలపు అట్ట టిక్కెట్టు ఒకటి తెచ్చి, మడిచి, మర సందులో దోపాడు. దాంతో నేను మామూలు వైపు నిలబడ్డాను. పుట్టాక మొదటిసారి ప్రశాంతంగా ఉన్నాను. దాదాపు రెండేళ్లు ఆమె నాలో బొట్టు దిద్దుకుని వెళ్లి వార్తలు చదివి వచ్చేది. నా రెండో ముఖాన్ని ఇద్దరం మరిచిపోయాం.

దసరాకు మూడు వారాల ముందు ఒకరోజు ఆమె ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నా ముందు కూర్చుంది. వల్లభరావు కాఫీ తెచ్చాడు. ఛానల్ యజమాని నరసరాజు కొత్త కెమెరా కొన్నాడట. దసరా నుంచి బొమ్మ అద్దంలా వస్తుందట. పరీక్షకని ఆమెను కూర్చోబెట్టి తీసి, పెద్ద తెరమీద వేశారట.

"ఏమన్నాడు?" అని అడిగాడు వల్లభరావు.

"సూటిగా ఏమీ అన్లేదండి. కెమెరా కుర్రాడు నా ముక్కు దగ్గర ఆపేశాడు. అందరూ అటే చూశారు. రాజుగారు, ఇందుమతిగారూ ఏం అనుకోకండి, పాత కెమెరా మనం చూపించిందే చూసేది, ఇది అన్నీ పట్టేస్తంది, మొహం సంగతి కాస్త చూసుకోండమ్మా, అన్నారు. ఎందుకైనా మంచిదని ఇంకో అమ్మాయిని కూడా పిలిచారు. హాసినంట, ఇరవై రెండేళ్లంట."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె అట్ట టిక్కెట్టు పీకేసి నన్ను తిప్పింది.

ఆ క్షణాన నాకు నోరు లేనందుకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కళ్లూ లేవు. ఆమె ముక్కు నాకు ఆనించి చూసుకుంటోంది. అంత దగ్గరగా చూస్తే ఎవరి మొహమైనా జల్లెడే. కాస్త వెనక్కి జరుగు తల్లీ, రెండడుగులు వెనక్కి జరిగితే ఇవేవీ ఉండవు అని చెప్పాలని ఉంది. నా పని చూపించడం. చూపించాను.

ఆ రోజు నుంచి ఇల్లంతా మొహమే. ఫోనులో ఒకావిడ ముల్తానీ మట్టి అంది, రాసింది. ఇంకొకాయన గుడ్డు తెల్లసొన పూసి కాగితంలా ఊడబీకమన్నాడు, పీకింది. వారం గడిచింది. పదహారేళ్లు కూర్చున్న కుర్చీ చేజారిపోతుందన్న భయం ఆమె కళ్లలో నాకు రోజూ పదింతలు కనపడేది. ఆ రోజుల్లోనే ఒకసారి నా చట్రం మీద వేలితో కొట్టి, "రంధ్రాన్వేషి" అంది. తప్పులు వెతికేవాణ్ని అంటారు ఆ మాట. నా విషయంలో అది అక్షరాలా నిజం. కోపం రాలేదు, సిగ్గేసింది.

"నాకేం కనపడట్లేదు ఇందూ" అనేవాడు వల్లభరావు.

"మీరు కళ్లజోడు పెట్టుకోలేదు."

"పెట్టుకునే చూస్తున్నా."

ఆమె నమ్మలేదు. తమను ప్రేమించేవాడి కళ్లు సాక్ష్యానికి పనికిరావనుకునే వెర్రి మనుషుల్లో ఆమె ఒకతె.

చివరికి ఎవరో నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దితే రంధ్రాలు మూసుకుంటాయన్నారు. మంగతాయారు నేర్పిన 'మూయడం' ఆమె మనసులో అప్పటికే పాతుకుపోయింది. మూడు రోజులు వరసగా రుద్దింది. మంట పుడుతుంటే, పనిచేస్తోందని ఓర్చుకుంది. నాలుగో రోజు పొద్దున బుగ్గలు రెండూ ఎర్రగా కంది, ముక్కు పక్కన పొట్టు లేచింది. నీళ్లు తగిలినా భగ్గుమంటోంది. నా ముందు కూర్చుని చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆ కన్నీళ్లను కూడా పెద్దవి చేసి చూపించాను.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూ, సరిగ్గా ఎక్కడెక్కడున్నాయో చూపించాలని నన్ను సంచిలో పెట్టుకుంది. డాక్టరమ్మ పెద్దావిడ. జరిగిందంతా విని తల పట్టుకుంది.

"నిమ్మకాయ పులిహోరకి, సోడా బజ్జీలకి. మొహానికేంటమ్మా?"

"మూసుకుంటాయన్నారండి."

"మూసుకోడానికి అవేం తలుపులు కావు. తెరుచుకోవు, మూసుకోవు. లోపల నూనె ఊరతది, వయసుతో చర్మం సడల్తది, ఎండ తోడైతది, అప్పుడు పెద్దగా కనపడతయి. పోగొట్టడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. కనపడటం తగ్గించగలం."

"ఎన్నాళ్లకండి?"

"ముందు ఈ మంట చల్లారాలి. రెండు వారాలు ఏదీ రుద్దకు. మెత్తటి ఫేస్‌వాష్‌తో రెండుపూటలా కడుక్కో, జిడ్డులేని క్రీము రాసుకో, బయటికెళ్తే సన్‌స్క్రీన్ మానకు. చర్మం మామూలయ్యాక రాత్రిపూట రాసే మందు ఇస్తా, బఠాణీ గింజంత, రోజు విడిచి రోజు. మూడు నాలుగు నెలలకి తేడా తెలుస్తది."

"నాకు పది రోజులే ఉందండి" అంది ఇందుమతి.

డాక్టరమ్మ నన్ను చేతిలోకి తీసుకుని తన ముక్కు చూసుకుంది. "ముప్పై ఏళ్లుగా చర్మం డాక్టర్ని, నాకూ ఉన్నయి చూడు" అని నన్ను తిరిగిచ్చింది. "నీ వార్తలు జనం ఎంత దూరంలో కూర్చుని చూస్తారు?"

"గదికి అటుపక్క నుంచి."

"మరి నువ్వెందుకు ముక్కానించి చూస్తున్నావు?"

ఈ ప్రశ్న పది రోజులకు పైగా నేను అడగాలని తపించిపోయినది. అడిగినా ఏం లాభం, ఆ కొత్త కెమెరా కూడా ముక్కానించే చూస్తుంది. ఇందుమతి మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది.

దసరాకు రెండు రోజుల ముందు ఛానల్లో ఆఖరి పరీక్ష. మంట తగ్గింది గాని చెంపల మీద ఎరుపు ఇంకా పోలేదు. మేకప్ గదిలో నన్ను బల్లమీద పెట్టింది. వల్లభరావు ఆ పొద్దున అట్ట టిక్కెట్టు మళ్లీ దోపి మరీ పంపాడు. మేకప్ దట్టంగా వేస్తే రంధ్రాల్లో పేరుకుని ఇంకా ఎక్కువ కనపడుతుందని ఆమెకు ఇప్పుడు తెలుసు. పలచగానే వేసుకుని వెళ్లింది.

గది తలుపు తీసే ఉంది. నాకు బొమ్మ కనపడదు, మాట వినపడుతుంది. ఇద్దరికీ ఒకే వార్త ఇచ్చారు. "రోడ్డు పనుల విషయంలో రంధ్రాన్వేషణ మానుకోవాలని ఆయన హితవు పలికారు." గుంతల రోడ్డు గురించి ఎవరో పెద్దమనిషి చేసిన ప్రకటన. వార్త రాసినవాడికి ఆ మాటే ఎందుకు తోచిందో, అది అప్పుడే ఎందుకు రావాలో నాకు తెలియదు. ఇందుమతి చదివింది. ఆ 'ధ్ర' దగ్గర ఒక్క పిసరు ఆగి, నిండుగా పలికి, ముందుకు వెళ్లింది. గదిలో ఎవరో "ఆహా" అన్నారు.

తర్వాత హాసిని. "రంద్రా... రంద్రానేషన..." రెండుసార్లు తడబడింది, మూడోసారి ఆ మాట దాటేసి చదివింది.

నాకు ఆశ పుట్టింది. అద్దానికి ఆశ కూడదు గాని పుట్టింది. అప్పుడు నరసరాజు గొంతు వినపడింది.

"ఇందుమతిగారూ, మీ గొంతు లేకపోతే మన ఛానల్ లేదండి. అందుకే ఇలా అనుకున్నా. అమ్మాయి తెరమీద కూర్చుని హెడ్‌లైన్స్ చెప్తాది. మిగతాదంతా మీరు లోపల కూర్చుని చదవండి. జీతంలో మార్పేం లేదు."

"లోపలాండి?" అంది ఇందుమతి.

"లోపలేనమ్మా. హాయిగా ఉంటాది, మొహానికి ఏదీ పూసుకోనక్కర్లేదు."

ఆయన మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. ఇందుమతి "అలాగేనండి" అంది. వార్త చదివినంత స్పష్టంగా అంది.

వచ్చి నా ముందు కూర్చుంది. సంచి సర్దుకోవడానికి నన్ను పక్కకు జరిపింది, ఆ కుదుపుకు అట్ట టిక్కెట్టు జారి కింద పడింది. ఆమె చూసుకోలేదు. అంతలో హాసిని కాగితం పట్టుకుని వచ్చింది. వేలెడంత పిల్ల, అంత గెలిచి వచ్చి కూడా కాగితం అంచు నలుపుతోంది.

"మేడమ్, ఈ పదం కాస్త నేర్పిస్తారా? రేపు మళ్లీ వస్తే పరువు పోతాది."

ఇందుమతి కాగితం అందుకుంది. తర్వాత, "రంధ్ర. ఆ ధకి వత్తుంది, కింద ర ఉంది. రెండూ ఒకే దమ్ములో రావాలి. తర్వాత అన్వేషణ. విడివిడిగా పలికి అప్పుడు కలుపు" అంది.

హాసిని నాలుగుసార్లు పలికింది. ఐదోసారికి సరిగ్గా వచ్చింది. "అంటే ఏంటి మేడమ్?"

"బొక్కలు వెతకడం."

పిల్ల నవ్వింది. నవ్వుతూ బల్లవైపు తిరిగింది. నేను అప్పటికే తిరగడం మొదలుపెట్టాను. ఆపుకోవాలని చూశాను. అరచుట్టు తక్కువైన మర మీద ఏ అద్దం ఆగుతుంది? నా పదింతల ముఖం ఆ పిల్ల ఎదురుగా వచ్చి నిలిచింది. ఆమె నవ్వు ఆగింది. వంగి, ముక్కు పక్కన వేలుపెట్టి చూసుకుంది. ఇరవై రెండేళ్ల చెంపల మీద కూడా రంధ్రాలుంటాయి. అన్నీ చూపించాను.

"మేడమ్, ఇవేంటి? నాకు ఇవి ఎప్పుడొచ్చాయి?"

ఇందుమతి అరచెయ్యి నా మీద పడింది. నాకు గీతలు తప్ప ఏమీ కనపడలేదు.

"నీకేం లేవు తల్లీ. ఇది చెడిపోయిన అద్దం, దీన్ని నమ్మకు" అంది ఇందుమతి. నన్ను బోర్లించి సంచిలో పడేసింది.

పదహారేళ్లుగా వార్తలు చదివిన ఆ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

ఇప్పుడు నేను ఆమె బీరువాలో, టీవీకని కొన్న చీరల కింద ఉన్నాను. ఆ చీరలూ నేనూ ఒకేసారి పని మానేశాం. శివరాత్రి ముందు ఒక్కసారి బయటికి తీసింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు నాలుగు నెలలు చేసిందిగా, చర్మం నున్నబడింది, రంధ్రాలు సన్నగా, కనీ కనపడకుండా అయ్యాయి. పోలేదు, పోవు. ఆమె చాలాసేపు చూసుకుంది. "ఏవండీ, తగ్గాయి చూశారా" అని వల్లభరావును పిలవబోయి, మధ్యలో ఆగిపోయి, నన్ను మళ్లీ చీరల కింద పెట్టేసింది. నరసరాజుకు ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

రోజూ ఏడింటికి వల్లభరావు టీవీ పెడతాడు. తెరమీద హాసిని ఉంటుందట, నాకు కనపడదు. కాసేపటికి బీరువా తలుపు సందులోంచి ఇందుమతి గొంతు వస్తుంది. చేపల ధరలు, కరెంటు కోతలు, తప్పిపోయిన పిల్లలు. నేను చీకట్లో పడుకుని ప్రతి మాటా వింటాను. వెతకడం తప్ప వేరే పని రానివాణ్ని కదా, ఆ గొంతులో కూడా రోజూ వెతుకుతాను. ఇంతవరకు ఒక్క రంధ్రం దొరకలేదు.