దానేలుకు పిట్ట ముట్టని ముచ్చట

తుకారాం మైకుల దగ్గితే ఎడపల్లిల కోళ్ళు గంపల కిందికి ఉరుకుతుండెనట. గిది ఇంకెవ్వలో జెప్పింది కాదు, తుకారామే జెప్పుకునేది. గిసొంటియి ఆయన నోట్లకెళ్ళి దినాం గంపెడు రాలుతుండె. ఇన్నోళ్ళు నవ్వుకుంట పోతుండ్రి, ఆయన సుత నవ్వుతుండె. "నా మాటలు కోసి ఎడ్ల ముంగటేస్తే ఎడ్లు సుత వాసన సూసి వదిలేస్తయి" అని తన మీద తనే ఏస్కుంటుండె.

కని మైకు ముంగట కూసున్నడంటే ముచ్చట అలగ్. ఆడ అబద్ధం నడవది. ఎందుకంటే గది నౌకరి.

చెరుకు కొట్టే కాలం వచ్చిందంటే బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడికెళ్ళి రోడ్డు పొడుగూత ఎడ్లబండ్లు లైను కడుతయి. రెంజలోళ్ళు, సాలూరోళ్ళు, కోటగిరోళ్ళు, అవుతలి మరాఠోళ్ళు. "ఇగ సాలూర బండ్లు కాంట మీదికి రావాలె" అని తుకారాం మైకుల అంటేనే సాలూర బండ్లు కదలాలె. ముంగటనే కదిలితే కట్టెలు లేస్తయి. ఎండల నిలవడ్డ చెరుకు కాంట తూకంల గంట గంటకు తగ్గుతుంటది, రైతు పానం గందుట్లనే కొట్టుకుంటుంటది. గసొంటి మనిషి ఓపిక పట్టేది మైకు మాట మీద నమ్మకంతోనే. ఆ మైకు ఎవ్వలిది పెట్టాలె అన్నది బండ్లోళ్ళ పెద్ద భీమన్న జెప్తే ఖాయం. నిజామాబాద్‌ల నర్సింలు అనేటోడు కొత్త మైకు సెట్టు కొనుక్కొని, గీ నౌకరి మీద కన్నేసి కూసున్నడు.

బండ్లు నిలవడ్డప్పుడు పొద్దు పోవాలె గదా. గందుకు తుకారాం రికార్డులు పెడుతుండె. గందుట్ల ఒకటి దానేలుది.

దానేలు మనోడే. తల్లి లేని పోరగాడైతే పెద్దమ్మ ఎల్లవ్వ సాదింది. చర్చిల పాడుకుంట పాడుకుంట గొంతు పెంచుకొని, సికింద్రాబాద్ పోయి, జుట్టు పెంచి, ముగ్గురు దోస్తులతోటి గిటారు పట్టిండు. నలుగురు కలిసి ఒక చిన్న రికార్డు సుత ఇచ్చిండ్రు. ఇంగ్లీషు పాట. ఒక్క ముక్క సమజ్ కాదు. దానేలు అరుస్తుంటే ఎడ్లు చెవులు నిక్కబెడుతుండె. అయినా బోధనోళ్ళకు మస్తు గర్వం. "మనోడు గింత గట్టిగ అరుస్తున్నడంటే పెద్ద పాటగాడే" అనుకుంటుండ్రి.

ఒకనాడు తుకారాం రికార్డు మిషన్ల పట్టా తెగింది. పట్టా తెగినట్టు భీమన్నకు తెలిస్తే నర్సింలు సెట్టు దిగుతది. గందుకని తుకారాం కిక్కురుమనకుండ రికార్డును ఏలుతోటి తిప్పవట్టిండు. కుడి చేతిల చాయ్ గిలాస ఉండె, ఎడమ చేతితోటి తిప్పిండు. రికార్డు ఉల్టా తిరిగింది.

ఎసొంటి సప్పుడు వచ్చిందంటరు! బాయిల వడ్డ మనిషి గొంగడి కప్పుకొని ఏడ్చినట్టు. మైకు నడుస్తనే ఉండె. లైనుల ఉన్నోళ్ళంత బండ్లకెళ్ళి దుంకిండ్రు.

భీమన్న ఉరికొచ్చిండు. "ఏందిరా తుకారాం గది?"

పట్టా తెగిందంటే నౌకరి పాయె. తుకారాం నోట్లె ఏం తయారుంటె గదే బయటికొచ్చింది. "దానేలు ఆత్మనే భీమన్నా. వాడు లేడు. సచ్చిన ముచ్చట పాటల దాసిపెట్టి మనకు జెప్తున్నడు."

గీ మాట సుత మైకులనే వోయింది. మైకుల వోయినంక అబద్ధమెట్లయితది?

ఇగ సూడున్రి మనోళ్ళ తెలివి. రికార్డు మీది అట్ట చేతులు మారింది. ఫోటోల ముగ్గురు నిలవడ్డరు, దానేలు కూసున్నడు. "కూసున్నడు గాదు, కూసోవెట్టిండ్రు. పీనుగను కుర్సీల కట్టినట్టు" అన్నడు భీమన్న. కండ్లు మూసున్నయి. "ఇంకేం గావాలె?" మెడల బంతిపూల దండ. అందరూ ఒక్కపారి అబ్బా అన్నరు. మొకం దక్షిణం దిక్కు ఉన్నదని సాలూరాయన తేల్చిండు. అట్టను ఎటు తిప్పి పట్టుకుంటే అటే దక్షిణమైతదని ఎవ్వలికీ తట్టలే. మరాఠీ ఆత్మారాం అయితే, ఉల్టా పాటల దానేలు తనను మరాఠీల పేరు పెట్టి పిలిచిండని ఒట్టేసిండు.

"మరి మొన్న సికింద్రాబాద్‌ల పాడింది ఎవ్వలు?" అని ఒకడడిగిండు.

"వాని అసొంటోణ్ణి తెచ్చి జుట్టు పెంచిండ్రు. గంత జుట్టు కింద ఎవ్వడున్నడో ఎవ్వలికెర్క?" అన్నడు భీమన్న. గీ మాటకు తుకారాంకు సుత దడ వుట్టింది. తను వుట్టిచ్చిన అబద్ధానికి తనే భయపడ్డడు, గంత గట్టిగ తయారైంది.

ఎల్లవ్వ చీపురు పట్టుకొని వచ్చింది. "ఏం పుట్టింది మీకు? నాకు జెప్పకుంట వాడు చస్తడా? తుమ్మొస్తే సుత వచ్చి జెప్పేటోడు!"

"పాపం, తల్లి పానం" అని అందరూ తల ఊపిండ్రు.

"దినం జేద్దం" అన్నడు భీమన్న. "పిట్టకు పెడదం."

"మాది చర్చి ఇల్లు. మాకు పిట్టలకు పెట్టుడు లేదు" అన్నది ఎల్లవ్వ.

"నీ ఇంటికి నువ్వు చేస్కో అవ్వా. వాడు మా లైనుకు పాడినోడు. మా తీరుగ మేం చేస్కుంటం."

సచ్చిన తారీఖు ఎవ్వలికీ తెల్వదాయె. గందుకని ఐతారం పెట్టుకున్నరు. దానేలుకు ఇష్టమని కోడికూర, జొన్నరొట్టె ఇస్తార్ల పెట్టి ఫ్యాక్టరీ గోడ మీద ఉంచిండ్రు. అందరూ దూరం జరిగి నిలవడ్డరు. మన దిక్కు పద్ధతి ఎర్కనే గదా, సచ్చినోని పేరు మీద పెట్టింది కాకి ముట్టాలె. ముడితే వాని పానం చల్లవడ్డట్టు. ముట్టంది ఎవ్వలు ముద్ద ముట్టొద్దు. భీమన్న ఇంకో మాట కలిపిండు. "పిట్ట ముట్టంది బండి సుత కదలొద్దు."

కాకి రాలే.

బోధన్ కాకుల సంగతి మరిచిండ్రు. ఫ్యాక్టరీ ఎనుక గుంటల చక్కెర మడ్డి పారుతది. గా మడ్డి తాగి తాగి మన కాకులు బాతులంత బలిసినయి, ఎగరాల్నంటే ఇద్దరు మనుషులు తొయ్యాలె. తియ్యటిది మరిగిన కాకి కోడికూర ఎందుకు ముడతది?

ఎండ ఎక్కింది. చెరుకు వాడవట్టింది. భీమన్న తుకారాం పక్కకొచ్చి కూసున్నడు.

"పిట్ట ముట్టలేదంటే రెండే లెక్కలు తమ్మీ. వాడన్న సావలే, నీ మైకన్న అబద్ధం."

"రెండూ ఒక్కటే గదనే."

"ఒక్కటే. పొద్దు వాలే యాళ్ళకు పిట్ట ముట్టాలె. లేకుంటే రేపు నర్సింలు సెట్టు దింపుత. అబద్ధపు మైకు మాట ఇని నా బండ్లోళ్ళు ఎండల నిలవడరు."

తుకారాం మైకు కాడికి ఉరికిండు. మైకుల కావ్ కావ్ అని పిలిచిండు. రెంజల్ ఎడ్లు బెదిరినయి గని కాకులు రాలే. కాకులు అవుతలి దిక్కుయేమో అని ఆత్మారాం మరాఠీల బతిమిలాడిండు. ఊహూఁ. సచ్చినోనికి ఇంకేదో కోరికుందని ఇస్తార్ల బీడీ కట్ట పెట్టిండ్రు, కల్లు ముంత పెట్టిండ్రు, ఎవ్వలో దువ్వెన సుత పెట్టిండ్రు, జుట్టు పెద్దది గదా అని.

ఆఖరుకు తుకారాం కాకులను మలుపుకొస్తనని గుంట కాడికి పోయిండు. కాలు జారింది. నడుము దాంక మడ్డిల దిగిండు. బయటికొచ్చేటాళ్ళకు బోధన్ ఈగలన్ని ఆయన ఎనుకనే, పెండ్లి బరాత్ లెక్క. కాకులు తిరిగి సుత సూడలే. అందరూ గుంట కాడికి ఉరికొచ్చి ఆయన్ను సూసి నవ్వవట్టిండ్రు. "కాకులు రాకపోయినా ఈగలైతే ముట్టినయి" అని తుకారామే అన్నడు. నవ్వకుంటే ఏడుపొస్తదని.

గప్పుడే నిజామాబాద్ బస్సు దిగి ఒకడు నడిచొచ్చిండు. భుజాల దాంక జుట్టు, ఎనుక గిటారు. పొద్దటి సంది కడుపుల ఏం పడలే. లైను ముంగట ఒక్క మనిషి లేడు. గోడ మీద కోడికూర, జొన్నరొట్టె, పక్కకు కల్లు. ఎవ్వలో తన కోసమే పెట్టినట్టున్నది. కూసొని తినవట్టిండు.

"ముట్టింది! ముట్టింది!" అని గోడ దిక్కు సూసి ఆత్మారాం అరిచిండు. అందరూ తిరిగి సూసిండ్రు. ముట్టింది పిట్ట కాదు, సచ్చినోడే.

అందరూ ఎనుకకు జరిగిండ్రు. ఎల్లవ్వ ఒక్కతే గుంపును నూకుకుంట పోయి, వాని ఈపు మీద ఒక్కటేసింది. "చేతులు కడిగినవారా?"

"లే పెద్దమ్మా. ఆకలైంది. దోస్తులు కొట్లాడుకున్నరు, గుంపు పలిగింది. ఇంటికొచ్చిన." బొక్క చీక్కుంట సుట్టు సూసిండు. "గిదంత ఎవ్వలి దినం?"

భీమన్న తుకారాం దిక్కు మలిగిండు. "మైకు ముంగట కూసో. వీడు సచ్చిండా, బతికున్నడా? నువ్వు మైకుల ఏదంటే గదే నమ్ముతం."

తుకారాం మైకు పట్టుకున్నడు. చేతులకు మడ్డి, మైకు అతుక్కపోయింది. బతికున్నడు అంటే మైకు అబద్ధం, నౌకరి పోతది. సచ్చిండు అంటే వాడు ముంగటనే బొక్క చీకుతున్నడు. పుట్టి బుద్ధెరిగినంక మొదటిపారి ఆయన నోట్లె ఏం తయారు లేదు. మైకును ఊడగుంజి దానేలు చేతిల పెట్టిండు.

"నువ్వే జెప్పుకో కొడుకా."

దానేలుకు ఏం సమజ్ కాలే. కని ఎండిన చెరుకు కనవడ్డది, నిలవడ్డ లైను కనవడ్డది. చిన్నప్పటి సంది ఇన్న మాటనే నోట్లకొచ్చింది. గొంతెత్తి రాగం దీసి పిలిచిండు. "ఇగ సాలూర బండ్లు కాంట మీదికి రావాలె!"

సాలూర బండ్లు కదిలినయి. ఎట్ల కదిలినయంటరు? సప్పుడు లేదు, తోసుడు లేదు, తిట్టుడు లేదు. ఎనుక బండోడు ముంగట బండోనికి దండం పెట్టి నిలవడ్డడు. సచ్చినోడు పిలుస్తుంటే లైను తప్పే ధైర్యం ఎవ్వనికున్నది?

భీమన్న లైను పొడుగూత సూసిండు. "గిది నౌకరంటే" అన్నడు. "నర్సింలు వద్దు. ఇగ దానేలే పిలుస్తడు."

"మరి నేను?" అన్నడు తుకారాం.

"నువ్వు రికార్డు తిప్పు. సీదా తిప్పు."

గా కాలమంత బోధన్ లైనుల ఒక్క కట్టె లేవలే. దానేలు బతికే ఉన్నడని ఎల్లవ్వ చాటుకుంట తిరిగినా బండ్లోళ్ళు ఊఁ అంటుండ్రి గని, లోపల లోపల ఎవ్వలూ నమ్మలే. బతికున్నోని మాట బోధనోళ్ళు ఎన్నడన్న ఇన్నరా అంటుండ్రి. సాలూరాయన ఒకనాడు తుకారాం చెవుల నోరు పెట్టి అడిగిండు, "నౌకరెట్లుందన్నా?"

"ఏం జెప్పాలె అన్నా," అన్నడు తుకారాం ఏలుతోటి రికార్డు తిప్పుకుంట. "సచ్చినోని చేతికింద పని. సెలవు అడుగుదామన్నా భయమైతున్నది."