కట్టినవాళ్లే విప్పాలి

సింహాద్రి బ్యాటరీ తీగ విప్పి, దాని కొసకు పాత గుడ్డ చుట్టి పక్కకు వంచాడు. కారు ముందు భాగాన్ని జాకీతో లేపి, రెండు వైపులా బరువైన చెక్క దిమ్మలు పెట్టాడు. భుజంతో బండిని గట్టిగా నెట్టాడు. కదల్లేదు. నమ్మకం చాలక ఇంకోసారి నెట్టాడు. చూసేవాళ్లకు ఇది వట్టి చాదస్తమే. ఛత్తీస్‌గఢ్ ఉక్కు కర్మాగారంలో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా చేసి, తన గ్యాంగులో ఒక్కడికి గోరు కూడా ఊడకుండా రిటైరైన మనిషికి మాత్రం జీవితంలో చెప్పుకోదగ్గది అదొక్కటే. దానికి బహుమతిగా ఇచ్చిన గోడ గడియారం ఆగిపోయి ఆరేళ్లయినా టౌన్‌షిప్ సెక్టర్ రెండులోని తన క్వార్టరు హాలు గోడ దిగలేదు.

వారం నుంచి కారు కింద ఎర్రటి నూనె మడుగు కడుతోంది. చక్రాలను అటూ ఇటూ తిప్పే స్టీరింగ్ ర్యాక్ కారిపోతోంది. మెకానిక్ నాలుగు రోజులు ఆగమన్నాడు. ఆగే వీలు లేదు, రేపు తెల్లవారి అయిదింటికి ప్రయాణం. అందుకే ర్యాక్ కొని తెచ్చుకుని, మార్చడం తానే మొదలుపెట్టాడు.

ప్రయాణం బొబ్బిలికి. భార్య అప్పలనర్సమ్మ ఈ నలభై ఏళ్లలో పుట్టింటికి ఎన్నిసార్లు వెళ్లినా పవర్‌హౌస్ స్టేషన్లో రైలెక్కే వెళ్లింది, జనం కాళ్ల మధ్య ట్రంకుపెట్టె మీద కూర్చుని. తన చెల్లెలు గౌరి గుమ్మం ముందు సొంత కారు దిగాలని ఆవిడ కోరిక. కారు కొన్న ఏడాది డబుల్ డ్యూటీలు అడ్డొచ్చాయి. మరుసటేడు ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పని. ఆ తర్వాత ఈయన మోకాళ్ల నొప్పులు. ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ అడగనని మొన్న చెప్పింది. ఆవిడ అడిగినన్నాళ్లూ నిశ్చింతగా ఉన్న సింహాద్రి, అడగనన్న మాట వినగానే ప్రయాణం ఖాయం చేశాడు.

ర్యాక్ విప్పేశాక స్టీరింగ్‌కు ఆపు ఉండదు. ఇష్టమొచ్చినట్టు తిరిగితే లోపలి హారన్ తీగ తెగుతుంది. కొత్తది బిగించేదాకా ఎవరో ఒకరు దాన్ని కదలకుండా పట్టుకోవాలి. ఆ పని అప్పలనర్సమ్మ మీద పడింది. పనితో పాటు ఎర్ర అట్ట ముక్కొకటి చేతికొచ్చింది.

"నానేటి ఫిట్టర్నా? నాకు ట్యాగేటండీ?"

"పన్లో సెయ్యెట్టినోళ్లందరికీ ఒకటే రూలు. పేరు రాసి కట్టు. పనయ్యేక కట్టినోళ్లే విప్పాల. పెద్ద ఆఫీసరొచ్చినా ముట్టుకోడానికి లేదు."

ప్లాంటులో స్విచ్చికి ట్యాగ్ వేలాడుతోందంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం. ఆవిడ మూడో తరగతి చదువును కూడదీసుకుని 'అప్పలనర్సమ్మ' అని రాసింది. చోటు చాలక చివరి 'మ్మ' కిందకు జారింది. సింహాద్రి నవ్వాడు. ఆవిడ మూతి తిప్పి, అట్టను దారంతో స్టీరింగ్‌కు కట్టి డ్రైవరు సీట్లో దర్జాగా కూర్చుంది.

సింహాద్రి కింద దూరాడు. పాత ర్యాక్ వదులవగానే నూనె మోచేతుల మీదుగా కింద పెట్టిన పళ్లెంలోకి కారింది. మొహానికి జానెడు దూరంలో స్టీరింగ్ కడ్డీ కొస, దాని మీద తను గీసిన సుద్దగీత. పైన గాజులు గలగలమన్నప్పుడల్లా గీత ఊగింది.

"కదపకే."

"దోమండీ. గౌరికి ఠేఠ్రీ, ఖుర్మీ డబ్బాకెత్తేను. ఈ ఛత్తీస్‌గఢ్ పిండొంటలంటే అదెంత పడి సస్తాదో!"

కాసేపటికి గొంతు మారింది.

"ఏటండీ, ఎడం సెయ్యి లాగెస్తంది. ఒల్లంతా సెవటలు."

"పట్టుకుంటే లాగదేటి? నాలుగు బోల్టులున్నాయి. ఓర్చుకో."

"ఓపాలి సెయ్యి ఒగ్గీనా?"

"ట్యాగ్ కట్టేక పనవ్వకుండా ఒగ్గెస్తారేటే? కదలకు."

"సర్లెండి" అంది అప్పలనర్సమ్మ.

కొత్త ర్యాక్ దాని చోట్లో కూర్చోలేదు. సుత్తి తీసుకుని గట్టిగా కొట్టాడు. చాలాసేపు కొట్టాక కూర్చుంది. అప్పుడు గమనించాడు, సుద్దగీత వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. గాజుల చప్పుడూ లేదు.

"ఇన్నాళ్లకి పని నేర్సుకున్నావే. ఇలాగే ఉండు. మా గ్యాంగులో కూడా ఇంత బాగా పట్టినోడు లేడు."

జవాబు రాలేదు. అలిగిందనుకున్నాడు. అలిగినా పని చెడగొట్టలేదని ముచ్చటపడ్డాడు. కడ్డీ ఒక్క తోపుకే జాయింటులో దిగింది. నాలుగు బోల్టులూ బిగించి, పైపులు కలిపి, వీపు పట్టుకుని బయటికొచ్చాడు. ఎత్తి ఉన్న బానెట్ అడ్డం వల్ల ఆవిడ కనిపించలేదు. అలవాటైన వరసలో కొత్త నూనె పోసి, గుడ్డ విప్పి బ్యాటరీ తీగ తగిలించాడు.

హారన్ మోగింది.

ఉలిక్కిపడి స్పానర్ వదిలేశాడు. "ఎందుకే నొక్కుతున్నావు? సాలు!"

హారన్ ఆగలేదు. సెక్టరంతా వినిపించేలా ఒకే గొంతుతో అరుస్తూనే ఉంది. సింహాద్రి బానెట్ పక్కనుంచి చూశాడు. అప్పలనర్సమ్మ ముందుకు వాలిపోయి ఉంది. కుడి అరచెయ్యి హారన్ మీద, నుదురు ఆ చేతి మీద.

పక్క క్వార్టరు అమ్మాయి ఛాయ, గోడ దాటి పరుగెత్తుకొచ్చి ఆవిడ తలను పైకెత్తింది. హారన్ ఆగింది.

"అంకుల్, ఆంటీ సాంస్... ఊపిరి తీసుకోవట్లేదు! అంకుల్!"

గొంతు రానప్పుడు ఆవిడ చేతికందినది హారనే. తను సుత్తితో కొడుతున్నప్పుడు నొక్కింది. తనను పిలిచింది. దానికి కరెంటు తీసేసింది తనే, ఎవరికీ ఏమీ కాకూడదని.

అంబులెన్స్‌లో వచ్చినతను మణికట్టు పట్టి చూశాడు. ప్రాణం పోయి గంట అయ్యుంటుందన్నాడు. సింహాద్రి విన్నాడు గాని ఆ మాట లోపలికి దిగలేదు. గంట కిందట తను కదలకు అన్నాడు. ఆవిడ ఎప్పుడూ చెప్పిన మాట వింటుంది.

ఆవిడను దింపబోతే చేతి గాజు ట్యాగ్ దారంలో చిక్కుకుంది. అంబులెన్స్ మనిషి అట్టను పట్టి లాగబోయాడు.

"ముట్టకు!" సింహాద్రి కేకకు అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కట్టినోళ్లే విప్పాల."

ఛాయ ఏడుస్తూనే గాజును మెల్లగా తప్పించింది. దారం తెగలేదు.

మర్నాడు అయిదింటికి ఫోన్లో అలారం మోగింది. ఆవిడ పెట్టినదే. బొబ్బిలి నుంచి గౌరి రైల్లో బయల్దేరింది. చుట్టాల మధ్యనుంచి లేచి సింహాద్రి వాకిట్లోకి వెళ్లాడు, అలవాటు కొద్దీ వంగి కారు కింద చెయ్యి పెట్టి చూశాడు. నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క కారలేదు.

అద్దం లోపల స్టీరింగ్‌కు ఎర్ర అట్ట వేలాడుతోంది, చివరి 'మ్మ' కిందకు జారి.