మూడో మీట

“టీమ్ లీడరంటే టీమంతా ఇళ్ళకి పోయాక మిగిలేదా?” అన్నాడు చైతన్యకృష్ణ, కంచం ముందు కూర్చుంటూ.

బిందుమాధవి పప్పుకి తాలింపు పెట్టి, గిన్నె తెచ్చి భర్త ముందు ఉంచింది. గరిటె గిన్నెలోనే ఉంది. అయినా ఆమె వచ్చి వడ్డించేదాకా అతను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అతని మాటలో వెటకారమూ ఉంది, నిజమూ ఉంది. వెటకారానికి ఆమె ఎప్పుడో అలవాటుపడింది. ఆ పూట మనసులో గుచ్చుకున్నది నిజం.

మంగళగిరిలో ఆమె పనిచేసే ఆఫీసు పురుగుమందుల కంపెనీ కోసం రైతుల ఫోన్లు అందుకుంటుంది. ఆమె కింద కొందరు అమ్మాయిలు. ఆమె తెర మీద మూడు మీటలు. మొదటిది నొక్కితే అమ్మాయి మాటలూ రైతు మాటలూ వినపడతాయి. రెండోది నొక్కితే ఆమె చెప్పేది ఆ అమ్మాయి చెవిలో మాత్రమే పడుతుంది, రైతుకి వినపడదు. మూడోది నొక్కితే ఫోన్ మొత్తం ఆమెకే వచ్చేస్తుంది. ఎవరి గొంతైనా కాస్త తడబడితే చాలు, ఆమె వేలు మూడో మీట మీదికి వెళ్ళేది. “నమస్తే అండీ, నేను చెబుతాను” అనేది. రైతు నెమ్మదించేవాడు. అమ్మాయి “థాంక్సక్కా” అని ఊపిరి పీల్చుకునేది. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, తప్పు సలహా అందిన వాళ్ళకి మళ్ళీ ఫోన్లు చేసి సరిదిద్దేదీ ఆమే. ఆ పనికి పేరు లేదు. పేరు లేని పనికి జీతం ఎక్కడుంటుంది?

పోయిన వారం హైదరాబాద్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి టీమ్ లీడర్లందరినీ వరసగా కూర్చోబెట్టి అడిగాడు, పని నేర్పడంలో మీ కోచింగ్ స్టైల్ ఏమిటని. ఆమె ఆలోచించుకునేలోపే మేనేజర్ అనిల్ కుమార్ అందుకున్నాడు. “మేడంది అమ్మ స్టైలండీ. ఒక్కరిని ఒక్క మాట అనరు, అందరి పనీ మీదేసుకుంటారు.” చప్పట్లు కొట్టారు. ఆమె కూడా నవ్వింది.

దాదాపు అవే మాటలు ఆమె ఎండాకాలంలో విన్నది. వినుకొండ దగ్గర పల్లెలో, వాళ్ళమ్మ శివపార్వతి పెద్దకర్మ రోజున. శివపార్వతి మిరపకోతల కూలీల ముఠాకి పెద్ద. కొత్తగా వచ్చిన పిల్ల వెనకబడితే, తన సాలు మొక్కలు ముగించుకుని ఆ పిల్ల సాలులోకి వచ్చి కోసేది. నోరెత్తేది కాదు. మోకాళ్ళు అరిగినా, చేతులు మండి నిద్ర పట్టకపోయినా అదే పద్ధతి. భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా “అందరికీ అమ్మేనమ్మా మీ అమ్మ” అని ఏడ్చారు. అదే ముఠాలో కోసే లాల్‌బీ మాత్రం ఏడవలేదు. బిందుమాధవిని పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది. “నా పెళ్ళైనకాణ్ణించీ మీ అమ్మ పక్కనే కోశానమ్మా. నా సాలు సగం ఆమే కోసేది. ఇప్పుడు నన్ను ఏ ముఠావోళ్ళూ పిలవట్లా. నీకు చెయ్యి జోరు లేదంటున్నారు. ఆమె పొయ్యేదాకా ఆ సంగతి నాకే తెలవదు.”

ఆ మాట అమ్మ మీద నిందలా తోచి, బిందుమాధవి అప్పుడు మొహం తిప్పుకుంది. పోయిన మనిషిని ప్రేమించడానికి ఆ మనిషి తప్పులు కూడా ఒప్పుకోవాలని అప్పటికింకా తెలియదు. ఆ తర్వాత ఇల్లు ఊడుస్తున్నా, బస్సులో కూర్చున్నా లాల్‌బీ గొంతే వినపడేది. తన అత్తింట్లో మాత్రం జరిగింది వేరే ఏముంది? పెళ్ళైన కొత్తలో చైతన్యకృష్ణ ఉల్లిపాయలు తరగబోతే అత్తగారు కత్తి లాక్కుంది. “ఇటివ్వరా, మగపిల్లోడివి, నీకేం చేతనవుద్ది?” అంది. ఆ ఒక్క మాట అతనికి ఇన్నేళ్ళూ పనికొచ్చింది. చేతకానితనంలో ఎంత సుఖం ఉందో అతను ఇట్టే నేర్చేసుకున్నాడు. ఆమెకి దోసె సరిగా రాకపోతే మాత్రం అత్తగారు పెనం లాక్కోలేదు. “మీ అమ్మ నేర్పలేదా?” అంది. నేర్చుకోవడం ఆమె వంతు. రాదనడం అతని హక్కు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి అనిల్ కుమార్ ఆమె కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నాడు.

“మేడం, ఇవాళ కంపెనీవాళ్ళు మన ఫోన్లు వింటున్నారు. ఆరాధన సంగతి ఇవాళ్టితో తేలిపోవాలి. ఒక్క ఫోన్ చెడినా పంపించెయ్యమన్నారు. ఆ పిల్ల తడబడితే మీరు టక్కున తీసేసుకోండి. మీరు తీసుకున్న ఫోన్ ఆ పిల్ల లెక్కలోకి రాదు.”

ఆరాధనది మిరప పండించే దర్శి ప్రాంతం. చేరి మూడు నెలలు కాలేదు. మెత్తటి గొంతు. ఎవరైనా కేకేస్తే తెలిసిన సంగతి కూడా మర్చిపోతుంది. ఇన్నాళ్ళూ ఆ గొంతు వణికిన ప్రతిసారీ తను మూడో మీట నొక్కింది. తను నొక్కినన్నిసార్లూ ఆ పిల్లకి ఒకటే పాఠం అందింది, నీవల్ల కాదని.

పదకొండింటప్పుడు వచ్చింది ఆ ఫోన్.

“ఏమ్మాయ్, మిరపతోటంతా ముడుచుకుపోయింది. మీరు చెప్పిన తామరపురుగు మందే కొట్టా. ఏం పీకింది? అసలు మిరపచెట్టు ఎట్టుంటదో చూశావా నువ్వు?”

“సార్... అది... వేరే మందు...”

“వేరే మందా? మళ్ళా కొనిపిస్తావా? అక్కడ మగాళ్ళెవురూ లేరా? పెద్దోళ్ళకియ్యి ఫోను!”

ఆరాధన వెనక్కి తిరిగి చూసింది. కళ్ళలో నీళ్ళు. అనిల్ కుమార్ బిందుమాధవి భుజం మీదుగా వంగాడు. “తీసుకోండి మేడం, తీసుకోండి!”

వేలు మూడో మీట మీదే ఉంది. నొక్కితే ఈ ఫోన్ గట్టెక్కుతుంది. ఆరాధన ఈ పూటకి బతుకుతుంది. రేపు? నొక్కకపోతే ఇవాళే పోవచ్చు. బిందుమాధవి వేలు జరిపి రెండో మీట నొక్కింది.

“ఆరాధనా, నేను వింటున్నా. ఫోన్ తీసుకోను. మందు పేరు చెప్పే ముందు నీకు ఏం తెలియాలి?”

అంతే. ఇంకొక్క మాట చెప్పలేదు. జవాబు నాలుక చివర ఉంది. పళ్ళు బిగించి ఆపుకుంది. అవతల రైతు అరుస్తూనే ఉన్నాడు. ఇవతల అనిల్ కుమార్ “అయిపోయింది, అయిపోయింది” అంటున్నాడు. ఒకరి పని లాక్కోకుండా ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకి అప్పుడే తెలిసింది.

“బాబాయ్,” అంది ఆరాధన. గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. “మాది దర్శి. మిరపచెట్టు నాకు తెలుసు. తోటలోనే ఉన్నారా?”

“ఆఁ. ఉంటే?”

“ఒక చెట్టు దగ్గర వంగి చూడండి. ఆకు పడవలాగా పైకి ముడుచుకుందా, తిరగేసినట్టు కిందికి ముడుచుకుందా?”

ఆకులు తిరగేస్తున్న చప్పుడు. “కిందికే ఉందమ్మా.”

“అయితే అది తెల్లనల్లి పురుగు బాబాయ్. మీరు కొట్టిన తామరపురుగు మందు పైముడతకి. అందుకే తగ్గలేదు. నన్ను తిట్టడం అయిపోతే అసలు మందు చెబుతా.”

రైతు నవ్వాడు. “చెప్పమ్మా, చెప్పు.”

ఫోన్ పెట్టేశాక అనిల్ కుమార్ నుదురు తుడుచుకున్నాడు. “అంతసేపు సాగదీయించారేంటి మేడం? మీరైతే చిటికెలో తేల్చేవాళ్ళు.”

“నేనే తేలిస్తే రేపు కూడా నేనే కావాలి సార్.”

“మీరు ఇట్టా చెయ్యరే! అందరికీ అమ్మలాగా...”

“మా అమ్మ పోయిందండీ,” అంది బిందుమాధవి.

ఆమె కుర్చీ అతని వైపు తిప్పింది. “ఆరాధన ఉంటుంది. ఆ బాధ్యత నాదని రాసిస్తాను. ఇకనుంచి ఎవరి ఫోన్ చెడితే వాళ్ళే సాయంత్రం లోపల తిరిగి చేస్తారు. పక్కన నేను కూర్చుంటాను. అది పని వేళల్లోనే జరగాలి. ఆ వేళ ఇవ్వనంటే కంపెనీవాళ్ళతో నేనే మాట్లాడతాను.”

అనిల్ కుమార్ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. “చూద్దాం” అంటూ వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం సాయంత్రం అమ్మాయిలతో కలిసే మెట్లు దిగింది. అంత వెలుతురులో ఆ రోడ్డుని చూసి చాలా కాలమైంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుందో లేదో చైతన్యకృష్ణ ఫోన్ చేశాడు.

“ఎక్కడున్నావ్? ఆకలేస్తోంది.”

“బస్సులో. మీరు అన్నం పెట్టేయండి, నేను వచ్చేసరికి అవుతుంది.”

“నేనా? నాకేం తెలుసు? ఎసరెంత పొయ్యాలి?”

జవాబు నోటిదాకా వచ్చింది. బిందుమాధవి దాన్ని మింగేసింది.

“మీరెంత అనుకుంటున్నారు?”

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. జవాబూ చెప్పలేదు.