ఉక్కు మీద బొట్టు

వేలి కింద తుప్పు.

గుండ్రంగా ఉంది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఇంకొకటి. మూడూ ఒకే వరసలో.

బయట వాన. నోర్ నది మీంచి లేచిన పొగమంచు కొట్టు కిటికీ దాకా వచ్చి ఆగింది.

రఘువీర్ వేలు తీయలేదు.

బల్ల మీద గుడ్డ. గుడ్డ మీద రెండు రైఫిళ్లు. రెండూ వాడినవే. ఒకదాని గొట్టం సన్నం. ఇంకొకదాని గొట్టం లావు — మొదలు ఎంత లావో కొసా అంతే లావు.

తుప్పు లావు గొట్టం మీద.

"పెళ్లి చేసుకోవడం లేదుగా డాక్టర్, కొంటున్నావంతే," అన్నాడు బ్రెనన్. తుపాకుల కొట్టు అతనిది. తనే సర్దుకున్నాడు. "అసలు చెప్పాలంటే, ఈ దేశంలో ఇదీ పెళ్లే."

నిజమే. ఇక్కడ లైసెన్సు ఒక మనిషికి ఒక తుపాకీ మీద వస్తుంది. ఏ తుపాకీయో ముందే చెప్పాలి. దాని ఒంటి మీది నంబరు పోలీసులకు, అంటే ఇక్కడి గార్డ్స్‌కు, రాసివ్వాలి. వాళ్లు సరేననే దాకా అది కొట్టులోనే ఉంటుంది. తర్వాత మనసు మారితే మళ్లీ మొదటి నుంచి.

ఒకటే కావాలి అతనికి. శనివారాలు క్లబ్బులో కాగితం మీద గురి చూడటానికి అదే. చలికాలం కొండ మీద జింకకూ అదే.

కాసిల్‌కోమర్ దగ్గర ఒక ఆసామి ఓక్ మొక్కలు నాటాడు. ఫాలో జాతి జింకలు చిగుళ్లు తినేస్తున్నాయి. వచ్చి కొట్టండి, మాంసం మీరే తీసుకెళ్లండి అన్నాడు.

రఘువీర్ లావుదాని వెనక బోల్ట్ ఊడదీశాడు. గొట్టంలోకి దీపం పెట్టి చూశాడు. లోపల గీతలు మెలి తిరుగుతూ వెళ్లాయి. చెదరలేదు. తూటా మొదట తాకే చోట మాడిన జాడ కొద్దిగా ఉంది. కొస మీద గోరు తిప్పాడు. నొక్కు లేదు.

లోపల బాగుంది. తుప్పు పైనే.

"ఎంత రుద్దినా పోలేదు," అన్నాడు బ్రెనన్. "ఏదో ఒలకబోసుకున్నాడు. మూడు చుక్కలు. సాస్ అనుకుంటా. అది చూసి నలుగురు వెనక్కి పెట్టేశారు."

రఘువీర్‌కు నవ్వొచ్చింది.

సాస్ కాదు.

ముందు గంధం. తడి గంధం. దాని మీద కుంకుమ. ఉంగరపు వేలితో. ఒకటి... రెండు... మూడు.

దసరా నాడు ఎవరో ఈ రైఫిల్‌ను గుడ్డ మీద పడుకోబెట్టారు. బొట్టు పెట్టారు. దండం పెట్టారు. తుడవలేదు.

ఆయుధానికి పెట్టిన బొట్టు ఎవరూ తుడవరు. ఎండుతుంది. రాలుతుంది. దానంతట అది పోవాలి.

తన ఊరు కర్నూలులో, ఆ ఎండకు, పోతుంది. ఇక్కడ ఎండదు. తడి గంధం కింద తడి ఉండిపోతుంది. పైన దండం. కింద తుప్పు.

ఆ మనిషి పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంటాడు. తీసినప్పుడు చూసుకుని ఉంటాడు.

"ఎవరిది ఇది?"

"మీవాడే. డాక్టరే. పెర్త్ వెళ్లిపోయాడు. పేరు చెప్పకూడదు." బ్రెనన్ గుడ్డ సర్దాడు. "మంచివాడు. తుపాకీని మాత్రం తడిపాడు."

వాన.

రఘువీర్ సర్జన్. ఊరి ఆసుపత్రిలో హెర్నియాలు, గాల్‌బ్లాడర్లు, పేగులు. పిల్ల లోహిత ఇక్కడే పుట్టింది. ఇంట్లో భార్య ఉమ ప్రతి దసరాకూ ఒక గిన్నెలో గంధం, ఒక గిన్నెలో కుంకుమ పట్టుకుని తిరుగుతుంది. స్టెతస్కోపుకు బొట్టు. కారు స్టీరింగుకు బొట్టు. రైస్ కుక్కర్‌కు బొట్టు. లోహిత లాప్‌టాప్‌కు బొట్టు.

"మమ్, నాట్ ద స్క్రీన్!" అంటుంది లోహిత.

"స్క్రీనుకు కాదే, మూతకి," అంటుంది ఉమ. "నీ అన్నం దాన్లోంచే రావాలి రేపు."

ఏది అన్నం పెడుతుందో దానికి బొట్టు. అంతే లెక్క.

ఈ దసరాకు ఉమ అతని ముందుకొచ్చి ఆగింది.

"మీ తుపాకీ ఇంకా రాలేదుగా. చెయ్యి పట్టండి."

"చెయ్యెందుకు?"

"మీ ఆయుధం అదేగా."

కుడి చెయ్యి చాపాడు. చెయ్యి వెనక గంధం రాసింది. వేలికి కుంకుమ అద్దుకుంది. పెట్టింది.

వేలు అక్కడే ఆగిపోయింది.

ఒక బొట్టు పెట్టడానికి పట్టే సమయం కాదది.

"చలి," అన్నాడు.

"హీటింగు వేసే ఉందండీ," అంది ఉమ.

గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇక ఆ మాట ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

వణుకు వేసవికి ముందు మొదలైంది. కప్పు సాసర్ మీద పెట్టేటప్పుడు చప్పుడు. చిన్నది. సంతకం చివర తోక. మణికట్టు దేనికైనా ఆన్చితే ఉండదు. ఆన్చకపోతే ఉంటుంది. ఆపరేషన్ బల్ల దగ్గర ఆన్చడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇప్పటి దాకా ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ వాక్యాన్ని రోజూ తనకు తను చెప్పుకుంటాడు. రోజూ అందులో 'ఇప్పటి దాకా' దగ్గర తడబడతాడు.

ఇది ఏమీ కాకపోవచ్చు. వయసుతో వచ్చేదే కావచ్చు, మాత్రతో తగ్గేదే కావచ్చు. ఇంకేదైనా కావచ్చు. పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. చేయించుకుంటే ఆసుపత్రికి చెప్పాలి. చెబితే తేలే దాకా కత్తి పట్టనివ్వరు. తేలిన తర్వాత... పట్టనివ్వకపోనూ వచ్చు.

సోమవారం ఆపరేషన్ల రోజు.

మధ్యాహ్నానికి వాన తగ్గింది. బ్రెనన్ కొట్టు మూసి రెండు రైఫిళ్లూ వ్యానులో పెట్టాడు. క్లబ్బు మైదానం ఊరికి బయట, రాయి తవ్వి వదిలేసిన గుంటలో. చుట్టూ మట్టి కట్ట. కట్ట మీద గడ్డి. గడ్డి మీద మంచు.

"ముందు లావుది," అన్నాడు బ్రెనన్.

బల్ల మీద ఇసుక సంచీ. సంచీ మీద గొట్టం. రఘువీర్ కూర్చుని చెంప ఆన్చాడు. స్కోపులో గీతలు కలిసే చోటు కాగితం మీద వాలింది. వాలి, అక్కడే ఉంది.

కదల్లేదు.

కాల్చాడు. ఆగాడు. కాల్చాడు. గొట్టం వేడెక్కింది. లావు గొట్టానికి వేడి ఒక లెక్క కాదు. చివరి తూటా మొదటి తూటా పక్కనే వెళ్లింది.

బ్రెనన్ దుర్భిణిలో చూశాడు. "చిల్లులన్నీ ఒక్క యూరో బిళ్లతో మూసేయొచ్చు. గ్రాండ్."

రఘువీర్ లోపల ఏదో సర్దుకుంది. చెయ్యి బాగానే ఉంది అనిపించింది. చాలా రోజుల తర్వాత అనిపించింది.

"ఇప్పుడు సన్నది. లేచి నిలబడు. జింక నీకు బల్ల వేసి పెట్టదు."

కర్రల ఊత. ఊత మీద సన్న గొట్టం. తేలిక. రోజంతా భుజాన వేసుకుని తిరగొచ్చు.

స్కోపులోకి చూశాడు.

గీతలు కలిసే చోటు కాగితం మీద రాస్తోంది. ఒక అక్షరం. దాని మీద ఇంకొక అక్షరం. ఆగడం లేదు. ఊపిరి బిగబట్టాడు. ఆగలేదు.

అతనికి మాత్రమే తెలిసింది. స్కోపులోకి ఒక్కరే చూడగలరు.

కాల్చలేదు. దించేశాడు.

"ఏమైంది?"

"లావుదాన్నే ఊత మీద చూస్తాను."

చూశాడు. బరువు గొట్టాన్ని కిందికి పట్టి ఉంచింది. వణుకు ఆ బరువు కింద ఎక్కడో నలిగింది. గీతలు నిలిచాయి. కాల్చాడు. నల్ల వృత్తం లోపల పడింది.

బరువు దాచిపెడుతుంది.

ఈ సంగతి అతనికి ఇప్పుడు తెలిసింది కాదు. క్లబ్బువాళ్ల లావు గొట్టం రైఫిల్ మొదటిసారి పట్టుకున్న రోజే తెలుసు. అందుకే అలాంటిదే కావాలన్నాడు. కాగితం గురి కోసం అన్నాడు. గొట్టం వేడెక్కినా గురి చెదరదు అన్నాడు. అన్నీ నిజాలే. అడిగినవాళ్లందరికీ అవే చెప్పాడు.

బ్రెనన్ రైఫిల్ అందుకున్నాడు. అందుకుంటూ, దాని తూకం చూస్తున్నట్టు, అన్నాడు —

"ఒక మాట. ఇక్కడ ఇది బంగారం. దీన్ని మోసుకుంటూ కొండెక్కి చూడు. పైకెళ్లేసరికి చేతులు నీవి కావు. అప్పుడు జింక కనిపిస్తుంది. అప్పుడు ఏ బరువూ నిన్ను ఆదుకోదు."

రఘువీర్ వంగి ఖాళీ తూటా తొడుగులు ఏరాడు.

"కాగితానికి తగలకపోతే కాగితమే. జింకకు సగం తగిలితే... చీకటి పడే దాకా దాని వెనక తిరగాలి. నేను తిరిగాను. ఒక్కసారి. చాలు."

కట్ట మీద గడ్డి కదిలింది. గాలి. గాలి వెళ్లాక మంచు మళ్లీ వచ్చి కూర్చుంది.

పోయిన నెల రఘువీర్ ఆ ఆసామి పొలం గట్టున నిలబడి దుర్భిణిలో చూశాడు. ఆడ జింక. చిగురు అందుకుంటూ ఆగింది. చెవి ఇటు తిప్పింది. చెవి అంచున వాన చుక్క. అది రాలింది. జింక తినడం మొదలుపెట్టింది. తనను ఎవరో చూస్తున్నారని దానికి తెలియదు. చూసేవాడి చేతి సంగతీ తెలియదు.

ఆపరేషన్ బల్ల మీద పడుకునేవాళ్లకూ తెలియదు. మత్తిచ్చే ముందు అతని వైపు చూస్తారు. థాంక్స్, డాక్టర్ అంటారు.

కొట్టుకు తిరిగొచ్చారు. మళ్లీ గుడ్డ మీద రెండు రైఫిళ్లు.

"ఏది?" అన్నాడు బ్రెనన్. "నంబరు రాసేస్తాను. గార్డ్స్ కావాలంటే నీ జీపీకి, నిన్ను చూసే డాక్టరుకి, ఫోన్ చేసి నీ ఆరోగ్యం అడుగుతారు. డాక్టరువి నువ్వే. నీకేం భయం?"

అతని జీపీకి ఇంకా ఏమీ తెలియదు.

రఘువీర్ వేలు మళ్లీ తుప్పు మీదికి వెళ్లింది. ఒకటి. రెండు. మూడు.

పెర్త్ వెళ్లినవాడు తడి మీద బొట్టు పెట్టాడు. భక్తితోనే పెట్టాడు. తుడవకూడదని తుడవలేదు. బొట్టు లేపి చూడలేదు. కింద ఏమవుతోందో చూడాలని తోచి ఉండదు.

"కావాలంటే యంత్రం మీద పెట్టి అరగదీయిస్తా," అన్నాడు బ్రెనన్. "కొత్తదానిలా ఉంటుంది. అక్కడ ఏదైనా ఉండేదని ఎవరికీ తెలియదు."

"వద్దు."

అతను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. బ్రెనన్ తలెత్తి చూశాడు.

"అలాగే ఉంచు. నంబరు ఇప్పుడే రాయకు. ముందు జీపీని కలవాలి."

"సోమవారం ఇంకొకాయన వస్తాడు చూడ్డానికి."

"రానీ."

"రేపు నీ పెళ్లికూతురు వేరేవాడితో వెళ్లిపోతే నా దగ్గరకొచ్చి ఏడవొద్దు."

"ఏడవను."

కారులో కూర్చున్నాడు. తాళం తిప్పలేదు. కుడి చెయ్యి స్టీరింగ్ మీద పెట్టాడు. స్టీరింగ్ నడుమ ఉమ పెట్టిన బొట్టు ఇంకా ఉంది. పూర్తిగా ఎండలేదు. గోరుతో అంచు లేపి చూశాడు. కింద ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కు ఏమీ కాదు.

చెయ్యి తీశాడు. గాల్లో పట్టుకున్నాడు. దేనికీ ఆన్చకుండా.

చూశాడు.

చాలాసేపు చూశాడు.

ఇంటికి వెళ్లేసరికి వాన మళ్లీ మొదలైంది. ఉమ తలుపు తీసింది. వెనక నుంచి లోహిత గొంతు — "డాడ్, డిడ్ యూ గెట్ ఇట్?"

"ఏది తీసుకున్నారు?" అంది ఉమ. "లావుదా, సన్నదా?"

అతను కోటు జేబులోంచి కుడి చెయ్యి తీశాడు. ఆమె ముందుకు చాపాడు. తలుపుకు ఆన్చలేదు. గోడకు ఆన్చలేదు. రెండో చేత్తో పట్టుకోలేదు.

చలి అనలేదు.

ఉమ చేతి వంకే చూసింది. నోర్ మీంచి వచ్చిన మంచు గుమ్మం దాకా వచ్చి ఆగింది.

ఆమె వేలు ఎత్తింది. దసరా నాడు పెట్టిన చోటే, చెయ్యి వెనక, వేలు ఆన్చింది.

తీయలేదు.

వేలి కింద వణుకు.