అంచులు కోయని పుస్తకం

మా ఆయన విశ్వేశ్వరయ్యకు ఆదోనిలో పత్తి మిల్లుంది, ఇంట్లో రెండు బీరువాల నిండా రష్యా పుస్తకాలున్నాయి. అన్నీ ఆ దేశంలో విప్లవం జరిగిన రోజుల్లో మొదటిసారి అచ్చయినవే. బొంబాయి పత్తి దళారులు ఎక్కడెక్కడో వెతికి పంపేవాళ్ళు. వాటిలో ఒక్క అక్షరం ఈయనకు రాదు. భాష మాట అటుంచండి, మడతలు పెట్టి కుట్టిన ఆ కాగితాల అంచులు కోస్తే గానీ లోపలి పేజీలు కనిపించవు. కోస్తే విలువ పడిపోతుందట. పట్టుగుడ్డతో తుడుస్తూ, ఇది ఎవరూ తెరవని ప్రతి అని మురిసిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది.

యాభై నాలుగులో, పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో, పత్తి గింజలు తీసే జిన్ను యంత్రంలో పడి ఒకడి చెయ్యి మోచేతి దాకా నలిగిపోయింది. చక్రాలకు అడ్డంగా ఇనుప జాలీ బిగించే దాకా పనిలోకి రామని కూలీలు గేటు ముందు కూర్చున్నారు. జాలీ పెడితే పని నెమ్మదిస్తుందని మా ఆయన కోసిగి నుంచి కర్రల మనుషులను లారీలో దింపించాడు. మిల్లు పక్కనే మా ఇల్లు. మేడ మీద నుంచి అంతా చూశాను. లేవబోయినవాళ్ళను మోకాళ్ళ మీద కొట్టారు, పడ్డవాళ్ళను తలల మీద కొట్టారు. నరసన్న అనే కూలీ దండం పెడుతుండగానే పుర్రె పగిలింది. వాడి అన్న ఉచ్చీరప్ప వాడిని ఒళ్ళో వేసుకుని, ఊపిరి పోయే దాకా అక్కడే కూర్చున్నాడు.

నేను కిందికి దిగేసరికి మా ఆయన లోపల కొత్తగా వచ్చిన పుస్తకాన్ని తుడుచుకుంటున్నాడు.

ఉచ్చీరప్ప తమ్ముడి నెత్తుటి మరకలతోనే మా ఇంట్లోకి వచ్చాడు. చేతిలో పత్తి బేళ్ళకు చుట్టిన గోనెపట్టా కోసే కత్తి ఉంది. మా ఆయన మొహాన్ని బీరువాకేసి కొట్టి, కింద పడేసి, కడుపు మీద మోకాలు పెట్టాడు. ముక్కు చితికి రక్తం కారుతున్నా ఈయన మాత్రం పుస్తకాన్ని గుండెకు అదుముకునే ఉన్నాడు.

"నన్నేమన్నా చెయ్యప్పా. దీన్ని మాత్రం ముట్టగాకు," అన్నాడు.

ఉచ్చీరప్ప ఆగాడు. "దీంట్లో ఏముండాది?"

"తెల్దు. కోయలేదు."

ఉచ్చీరప్ప దాన్ని లాక్కుని ఒక్కొక్క మడతలో కత్తి దూర్చి చీల్చాడు. ప్రతి చీలికకూ మా ఆయన గొల్లుమన్నాడు. గేటు దగ్గర మనిషి చస్తుంటే కిటికీ కూడా తెరవని మనిషి. నడుమ పేజీలో ఒక బొమ్మ బయటపడింది. మిల్లు గేటు, గుర్రాల మీద సిపాయిలు, నేల మీద ఒక కూలీ, వాడి తలను ఒళ్ళో పెట్టుకున్న ఇంకొకడు.

ఉచ్చీరప్ప దాన్ని మా ఆయన కళ్ళ ముందు పెట్టాడు. "సూడు సావుకారీ. మా నరసన్న నీ ఇంట్లోనే ఉండాడు. నువ్వు తెరిసి సూడలేదు."

కత్తి పడేసి గోడకానుకుని కూర్చున్నాడు. పోలీసులొచ్చి తుపాకీ మడమలతో వాడి వేళ్ళను నేలకేసి చితక్కొట్టారు. వాడిని ఈడ్చుకుపోయాక మా ఆయన ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గుమాస్తాను పిలిచాడు. అదే పుస్తకం, అంచులు కోయనిది, ఇంకొకటి దొరుకుతుందేమో బొంబాయికి తంతి ఇవ్వమన్నాడు.

అప్పుడు నేను ఆ కత్తి తీసుకున్నాను. బీరువా తెరిచి మొదటి పుస్తకం అంచు కోశాను. ఆయన నా జుట్టు పట్టుకుని తలను తలుపుకేసి కొట్టాడు. పన్ను ఒకటి ఊడింది. ఉమ్మేసి రెండో పుస్తకం తీసుకున్నాను.