మూడో నంబరు వాల్యూమ్

మచిలీపట్నంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఉదయం పదింటికే స్కానింగ్ ఆగిపోయింది. సర్వర్‌లో చోటు అయిపోయి, కొత్త స్కాన్లు సేవ్ కావడం లేదు. మోపిదేవి నుంచి తలకి దెబ్బతో వచ్చిన సత్యవతి అనే పెద్దావిడ స్ట్రెచర్ మీదే ఎదురుచూస్తోంది.

కంప్యూటర్లు చూసుకునే లక్ష్మీదుర్గకి ఉద్యోగంలో ఇది రెండో ఏడు. మంగినపూడి దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. పై అధికారి కాంతారావు గారు ఆవేళ గుడివాడ బ్రాంచిలో ఉన్నారు.

"కంగారు పడకమ్మా," అన్నారాయన ఫోన్‌లో. "ఎవరికీ ఇవ్వని చోటు నాలుగు టెరాబైట్లుంది. స్కానింగ్ వాల్యూమ్‌కి కలిపెయ్. సర్వర్ ఆపక్కర్లేదు."

ఆసుపత్రి సర్వర్లన్నిటికీ కలిపి డిస్కులు ఒకే పెట్టెలో ఉంటాయి. అందులో ఒక్కో సర్వర్‌కి ఒక్కో వాల్యూమ్, అంటే ఒక్కో వాటా. దాన్ని పెంచడం నిమిషం పని. కానీ పెంచిన దాన్ని ఆ పెట్టెలో మళ్ళీ తగ్గించే వీల్లేదు.

స్కానింగ్ సర్వర్‌లో నిండిపోయిన డిస్కు మూడో నంబరు అని కనిపించింది. లక్ష్మీదుర్గ పెట్టె తాలూకు స్క్రీన్ తెరిచి, మూడో నంబరు వాల్యూమ్‌కి మూడు టెరాబైట్లు కలిపింది. ఒక టెరాబైటు చేతిలో ఉండనీ అనుకుంది. సర్వర్‌లో చూస్తే డిస్కు పాత సైజులోనే ఉంది. సర్వర్ చేత డిస్కుల్ని మళ్ళీ వెతికించింది. మార్పు లేదు.

అప్పుడు పెట్టె స్క్రీన్ మీద నంబరు పక్కనున్న పేరు చదివింది. పెట్టెలో మూడో నంబరు ల్యాబ్‌ది. స్కానింగ్‌ది ఏడో నంబరు. సర్వర్ లెక్క వేరు, పెట్టె లెక్క వేరు.

మిగిలిన ఒక్క టెరాబైటూ ఏడో నంబరుకిచ్చి, సర్వర్‌లో ఆ చోటు కలిపింది. స్కానింగ్ మొదలైంది. సత్యవతిని లోపలికి తీసుకెళ్తుంటే ఆవిడ కొడుకు, "పుణ్యం కట్టుకున్నావమ్మా!" అన్నాడు. లక్ష్మీదుర్గ తల వంచుకుంది.

ల్యాబ్ వాటా ఎందుకు పెరిగిందని ఇప్పట్లో ఎవరూ అడగరు. స్కానింగ్ మళ్ళీ నిండినప్పుడు, రోగులు పెరిగారనేస్తే సరిపోతుంది.

ఫోన్ మోగింది. "అయిందామ్మా? నాలుగూ ఇచ్చావా?"

"లేదండీ," అంది. "ఒకటే ఇచ్చాను. మూడు ల్యాబ్‌కి వెళ్ళిపోయాయి. నంబరు చూసి నొక్కేశాను, పేరు చూసుకోలేదు."

"ఏడాది రావాల్సింది మూడు నెలలే వస్తుంది," అన్నారాయన. "సర్లే, పెద్ద డాక్టరు గారికి నేను చెప్తాను."

"వద్దండీ. నేనే చెప్తాను."

ఆసుపత్రి పెద్ద డాక్టరు పూర్ణచంద్రరావు గారు అంతా విని, "పాత స్కాన్లేమైనా పోయాయా?" అని అడిగారు.

"ఒక్కటీ పోలేదండీ."

"అయితే కొత్త డిస్కులు కావాలని రాసివ్వు. ఎందుకో కూడా రాయి."

ఆయన ముఖంలో కోపం ఉందో లేదో ఆమెకి తెలియలేదు. సీటుకొచ్చి ఉత్తరం మొదలుపెట్టింది. 'పొరపాటు జరిగింది' అని టైపు చేసింది. చదువుకుంది. 'జరిగింది' కొట్టేసి, 'చేశాను' అని పెట్టింది.

డిస్కులు నెలన్నరకి వచ్చాయి. కాంతారావు గారు వచ్చి, కుర్చీ ఆమె ముందుకి జరిపారు. "నువ్వే చెయ్యమ్మా. తొందరేం లేదు," అన్నారు.